తాతయ్య నోరు నొక్కిన వీడియో ఫార్మాట్ గారికి

మహారాజశ్రీ వీడియో ఫార్మాట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. నా సంగతి వినండి.

అక్క నిశ్చితార్థం వీసీడీ, పెళ్లి డీవీడీ 2006 నుంచీ బీరువాలో ఉన్నాయి. డిస్కు మీద మచ్చలు కనబడి, ఇక ఆలస్యం చేస్తే దక్కవని మొన్న శనివారం కూర్చున్నాను. వీసీడీలో బొమ్మ 352 బై 288. అందులో గులాబీ పువ్వులో అక్క మొహం గిరగిరా తిరుగుతుంది. సరే, ఆ పాపం తమరిది కాదు, వీడియో తీసినాయనది. డీవీడీని మాత్రం తమరే ఒక్కో జీబీకి ఒక వీఓబీ ఫైలు చొప్పున తెగ్గోశారు. కోత పడింది మంగళసూత్రం ఎత్తిన చోట.

ఎమ్‌పీ4 చేస్తే చాలనుకున్నాను. "అది జాడీ మాత్రమే మామయ్యా, లోపలున్నది ఏ పచ్చడో చూడాలి" అన్నాడు మేనల్లుడు. పచ్చడంటే బొమ్మను కుదించే పద్ధతి. 2003 నాటి హెచ్.264 అనే పచ్చడి ఎక్కడైనా ఆడుతుందట. 2013 నాటి హెచ్.265కి అందులో సగం చోటు చాలట. ఆశకు పోయి రెండోదే పెట్టాను. ల్యాప్‌టాప్ రాత్రంతా రొప్పింది. తెల్లారి చూస్తే తలంబ్రాలు పోసే చేతులకు దువ్వెన పళ్లు మొలిచాయి! డీవీడీ బొమ్మలో సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా ఉంటాయని, ముందే కలుపుకోవాలని తమరు చెప్పలేదు.

విసుగొచ్చి, ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు ఎమ్‌కేవీ అనే ఇంకో జాడీలో సర్దేశాను. ఆదివారం భోజనాలయ్యాక బావగారితో సహా అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది. శబ్దం లేదు.

'ఈ ఆడియో ఫార్మాట్ పనిచేయదు' అంది టీవీ. డీవీడీలో శబ్దం ఉన్నది ఏసీ3 అనే పద్ధతిలో, అది మా టీవీకి గిట్టదట. సన్నాయి లేదు, మంత్రాలు లేవు. అంతలో పందిరి గుంజ పక్కన తాతయ్య కనిపించాడు. కెమెరా వైపు చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. "పెంచరా" అంది అమ్మ. పెంచాను. "ఇంకా పెంచరా." వందకి పెంచాను. తాతయ్య గొంతు ఇంకెక్కడా లేదు, ఆ మరుసటి ఏడాదే పోయాడు. అమ్మ లేచి స్పీకరు దగ్గర చెవి పెట్టింది. చూడు, ఇక తమరూ లేదు, గారూ లేదు. బొమ్మ చూపించి గొంతు దాచడానికి నువ్వెవడివి? పాడైపోయిన డిస్కయితే ఏడ్చి ఊరుకునేవాళ్లం. గొంతు ఫైల్లోనే ఉంది, ఇవ్వనంటావు!

రాత్రి ఆడియో ఒక్కటే టీవీకి గిట్టే ఏఏసీ పద్ధతిలోకి మార్చాను. నాలుగు నిమిషాల పని. మళ్లీ పెట్టాను. తాతయ్య అన్నది ఇదీ: "నన్నెందుకురా తీస్తావ్, అటు పో, పాయసం అయిపోతోంది."

అమ్మ ఐదుసార్లు పెట్టించుకుంది.

ఇట్లు,
డిస్కులను మళ్లీ బీరువాలోనే దాచుకున్నవాడు