మానేస్తేనే సాయమా?

అర్ధరాత్రి దాటాక పక్కగదిలోంచి గట్టిగా గురక వినిపిస్తుంది. ఆలస్యంగా వచ్చాడు, పడుకోనీ అనుకుని తల్లి తలుపు దగ్గరగా వేస్తుంది. తెల్లారి లేపబోతే కొడుకు ఒళ్లు చల్లబడి ఉంటుంది. హెరాయిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మత్తు వల్ల జరిగే చావులు చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతాయి. ఆమె విన్నది గురక కాదు. మోతాదు మించినప్పుడు ఊపిరిని నడిపించే మెదడు భాగం మందగిస్తుంది, గొంతు కండరాలు సడలిపోతాయి, గాలి సరిగ్గా ఆడక గరగరమని శబ్దం వస్తుంది. పెదవులు నీలంగా మారతాయి, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, ఎంత తట్టినా మనిషి పలకడు. ఈ గుర్తులు ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే ఒకటి ఇంట్లో ఉండి ఉంటే, అతను బతికే అవకాశం ఉండేది.

నాలోక్సోన్ కొత్త మందేమీ కాదు. అమెరికాలో 1971లోనే ఆమోదం పొందింది. ముక్కులో స్ప్రే చేసినా, కండరానికి ఇంజెక్షన్ ఇచ్చినా రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి అందుకునేలా చేస్తుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివాళ్లకు పొరపాటున ఇచ్చినా హాని చేయదు. దానితో ఎవరికీ మత్తెక్కదు. అయినా అదే అమెరికాలో చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే వీలు 2023లో గానీ రాలేదు. మధ్యలో 52 ఏళ్లు గడిచిపోయాయి. మందు తెలియక పోయిన ప్రాణాలు కావివి. ఆ మందు ఎవరి చేతికి అందాలన్న దగ్గరే ఆగిపోయాం.

ఆ ఆగిపోవడం వెనకున్న ఆలోచన ఒక్కటే: ముందు మానెయ్యి, తర్వాత సాయం చేస్తాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వ్యసనం నుంచి బయటపడ్డ చాలామంది ఒక్కసారిగా పడలేదు. మానడం, మళ్లీ మొదలెట్టడం, మళ్లీ మానడం, ఇలా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లపాటు మనిషి బతికి ఉండాలి కదా. మానేదాకా మనిషి ప్రాణాన్నీ ఆరోగ్యాన్నీ కాపాడే సేవల్నే ‘హాని తగ్గింపు’ అంటారు. అవన్నీ ఆ మధ్యకాలం కోసమే. మత్తు మంచిదని మేము అనడం లేదు. ఇంకా మానలేని మనిషికి కూడా ఆరోగ్యశాఖ తలుపు తెరిచి ఉండాలంటున్నాం.

శుభ్రమైన సూదులిస్తే అలవాటును ప్రోత్సహించినట్టే కదా అని అడిగేవాళ్లు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోను చూడాలి. 1980ల మొదట్లో అక్కడ పోలీసుల ఒత్తిడితో సిరంజిలు దొరకడం కష్టమైపోయింది. వాడకం ఆగలేదు, ఉన్న సూదినే పదిమంది పంచుకున్నారు. దశాబ్దం మధ్యకొచ్చేసరికి ఒక క్లినిక్‌లో పరీక్ష చేసిన ఇంజెక్షన్ వాడకందారుల్లో సగం మందికి హెచ్‌ఐవీ బయటపడింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో అదే తప్పు మళ్లీ జరిగింది. ఆస్టిన్ నాలుగు వేల మంది ఉండే చిన్న ఊరు. నొప్పి మాత్రలను కరిగించి ఎక్కించుకునే అలవాటు అక్కడ ఇంటింటికీ పాకింది. సూదుల మార్పిడికి, అంటే వాడినవి తీసుకుని కొత్తవి ఇవ్వడానికి, అప్పట్లో రాష్ట్ర చట్టం ఒప్పుకునేది కాదు. 2015లో మొదలైన ఆ వ్యాప్తిలో ఆ ఊరున్న కౌంటీలో (జిల్లా లాంటిది) 200కు పైగా హెచ్‌ఐవీ కేసులు తేలాయి. సూదుల మార్పిడిని వ్యతిరేకిస్తూ వచ్చిన గవర్నర్ మైక్ పెన్సే చివరికి అత్యవసర పరిస్థితి ప్రకటించి దానికి అనుమతించాల్సి వచ్చింది. సూదుల మార్పిడి కేంద్రం వచ్చాక కొత్త కేసులు పడిపోయాయి. పడిపోయాయి కదా అని 2021లో కౌంటీ కమిషనర్లు దాన్ని మూసేయాలని ఓటేశారు. ఇది చదివినప్పుడల్లా మాకు మనసు కలుక్కుమంటుంది.

అలాంటి కేంద్రంలో బల్ల మీద ఏముంటాయో కూడా చెప్పుకోవాలి. సీలు తీయని సిరంజిలు, స్పిరిట్ దూది, శుద్ధమైన నీళ్ల చిన్న సీసాలు, కండోములు, వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని గట్టి డబ్బా. నీళ్లూ దూదీ ఎందుకంటే, హెపటైటిస్ సి వైరస్ సూదితోనే కాదు, పంచుకున్న చెంచాతో, వడపోసే దూదితో కూడా అంటుకుంటుంది. సూదులు తీసుకోవడానికి వచ్చిన మనిషి చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుని నిలబడతాడు. నాలుగోసారో ఐదోసారో వచ్చినప్పుడు చెయ్యి చూపిస్తాడు. మోచేతి దగ్గర చీము పట్టిన పుండు. నెలల తరబడి ఏ డాక్టరుకీ చూపించని పుండు అది. అక్కడే దానికి కట్టు కడతారు, రక్తపరీక్ష చేస్తారు. హెపటైటిస్ సి ఉందని తేలితే ఎనిమిది నుంచి పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. ఇదంతా ఒక్క సిరంజి దగ్గర మొదలైంది.

హెరాయిన్ లాంటివాటికి బదులుగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మందుల చికిత్స మీద ఉన్న అపోహ ఇంకా గట్టిది. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారని డీ-అడిక్షన్ సెంటర్లు నడిపేవాళ్లు కూడా కొందరు అంటుంటారు. సరైన మోతాదులో ఇస్తే ఇవి మత్తెక్కించవు. ఒళ్లునొప్పులు, వాంతులు, వణుకు రాకుండా చూస్తాయి. పొద్దున్న లేవగానే డోసు ఎక్కడ దొరుకుతుందా అన్న టెన్షన్ పోతే మనిషి పనికి వెళ్లగలుగుతాడు, పిల్లల్ని చూసుకోగలుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చికిత్సలో ఉన్నంతకాలం చావు ముప్పు సగానికన్నా తగ్గుతోందని ఎన్నో దేశాల పరిశోధనలు చూపించాయి. చికిత్స అర్ధాంతరంగా ఆపేస్తే ఆ ముప్పు మళ్లీ పైకి లేస్తుంది. అందుకే ఆరు నెలలయ్యాయి, ఇక ఆపేస్తామనే నిబంధనలు ప్రమాదకరం.

పర్యవేక్షణ గదుల గురించి వాదన ఎక్కువ. కెనడాలోని వాంకూవర్‌లో 2003లో తెరిచిన ఇన్‌సైట్‌ కేంద్రంలో నర్సుల సమక్షంలో జనం తాము తెచ్చుకున్నది వాడతారు. ఆ కేంద్రం తెరిచాక చుట్టుపక్కల 500 మీటర్ల పరిధిలో ఓవర్‌డోస్ చావులు 35 శాతం తగ్గాయని 2011లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఇవి అన్ని ఊళ్లకూ అవసరమని మేము అనుకోవడం లేదు. వీధి మూలల్లో, మరుగుదొడ్లలో మనుషులు కూలిపోతున్న చోట మాత్రం కావాలి.

చట్టం సడలిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయన్నదీ నిజం కాదు. సొంత వాడకానికి కొద్దిపాటి మత్తుపదార్థం దగ్గరున్నా అది నేరం కాదని పోర్చుగల్ 2001లో మార్చింది. దాంతోపాటే చికిత్సనూ పెంచింది, ఫలితం కనిపించింది. 2020లో ఓటర్లు ఆమోదించిన ఇలాంటి చట్టాన్నే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం 2024లో వెనక్కి తీసుకుంది. అక్కడ శిక్షలు వెంటనే తీసేశారు. చికిత్సకు పెట్టిన డబ్బు మాత్రం సమయానికి కేంద్రాలకు చేరలేదు. ఆ ఓటమిని హాని తగ్గింపు ఓటమిగా లెక్కేయడం అన్యాయం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో సూదుల మార్పిడి 1984లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ తీర్మానంలో హాని తగ్గింపు అన్న మాట మొదటిసారి చోటు చేసుకున్నది 2024 మార్చిలో. దానికి కూడా ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. మా వంతు తప్పూ ఉంది. శీర్షికల్లో ‘మత్తుబానిస’ అని రాయడం పత్రికలకు అలవాటైపోయింది, మేమూ రాశాం. ఆ పేరుతో పిలిపించుకున్నవాడు ఏ ఆసుపత్రి మెట్లెక్కుతాడు? ఇకపై ఆ మాట మా పేజీల్లో ఉండదు.

ప్రభుత్వాలు రేపే చేయగలిగిన పని ఒకటుంది, అది జైలు గేటు దగ్గర చేయాల్సింది. లోపల కొన్నాళ్లు మత్తుకు దూరంగా ఉంటే శరీరం పాత మోతాదును మరిచిపోతుంది. బయటికొచ్చిన మనిషి పాత మోతాదే తీసుకుంటాడు. విడుదలైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావులు అంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్ చికిత్స జైల్లోనే మొదలవ్వాలి. విడుదలైన మర్నాటి డోసు ఏ క్లినిక్‌లో తీసుకోవాలో ముందే ఖాయం చేయాలి. సంచిలో బట్టలతో పాటు నాలోక్సోన్ పెట్టి పంపాలి. తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మనో, భార్యనో పదినిమిషాలు కూర్చోబెట్టి గరగర శబ్దానికీ గురకకూ తేడా చెప్పాలి. స్ప్రే ఎలా కొట్టాలో, మనిషిని పక్కకు తిప్పి ఎలా పడుకోబెట్టాలో చూపించాలి. మందు ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోయి ఊపిరి మళ్లీ ఆగొచ్చు కాబట్టి, లేచి కూర్చున్నా సరే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలని, అది వచ్చేదాకా పక్కనే ఉండాలని చెప్పాలి. ఫోన్ చేసినందుకు ఇంటికి పోలీసులు రారన్న భరోసా కూడా ఆ పదినిమిషాల్లోనే ఇవ్వాలి. ఆ భరోసా చట్టంలో ఉండాలి.