మహారాజశ్రీ డేటా ఫైలు గారికి

మహారాజశ్రీ కాలిబ్రేషన్ కిట్ డేటా ఫైలు గారికి, హనుమకొండలోని ఒక కాలేజీ మైక్రోవేవ్ ల్యాబ్ అసిస్టెంట్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇది మాటవరసకే. ఇక్కడ మేం క్షేమంగా లేం, మీరెక్కడున్నారో తెలియదు.

మీ బంధువులంతా భద్రం. సిగ్నల్ పంపి ఎంత తిరిగొచ్చిందో కొలిచే మిషను (అనలైజర్)ను సరిచేయడానికి దాని పోర్ట్‌కి బిగించే లోహపు ముక్కలు వాళ్లు. ఏ ముక్క ఎలా ప్రవర్తిస్తుందో ఆ మిషనుకు అంకెల్లో చెప్పేది మీరు. షార్ట్ (కొస మూసింది), ఓపెన్ (కొస వదిలేసింది), లోడ్ (సిగ్నల్‌ను మింగేసేది)లను స్పాంజి గుంటల్లో పసిపిల్లల్లా పడుకోబెట్టి, చెక్కపెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి హెచ్‌ఓడీ గారి దగ్గరే ఉంటుంది. మీరేమో ఫ్లాపీలో వచ్చారు, ఆ ఫ్లాపీ చాయ్ కప్పు కిందికి పోయింది. లోహపు ముక్కలు కంటికి కనిపిస్తాయి కాబట్టి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయి. మీరు ఉత్త అంకెలు, ఎక్కలేదు.

ఓపెన్ అంటే ఏమీ లేకుండా వదిలేయడమే కదా అనుకునేవాణ్ని. దాని కొసన కొన్ని పదుల ఫెమ్టోఫారాడ్ల కెపాసిటెన్స్ (ఛార్జి పట్టి ఉంచే గుణం) ఉంటుందని, అది ఫ్రీక్వెన్సీతో మారుతుందని, ఆ మార్పు మీ నాలుగు అంకెల్లో ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ అంకెల పక్కన వరసగా ఉండేవి పది ఘాతం మైనస్ 15, మైనస్ 27, మైనస్ 36, మైనస్ 45. ఫ్లాపీ పోయాక మాన్యువల్ జిరాక్స్ పట్టుకుని ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టాం, పెళ్లిలో చదివింపులు రాసినట్టు.

అసలు గొడవ కనెక్టర్లలో మేల్ (మధ్యలో పిన్ను ఉన్నది), ఫిమేల్ (ఆ పిన్ను దూరేది) దగ్గర వచ్చింది. మా పాత అనలైజర్ మెనూలో ఎం, ఎఫ్ అని చూపించేది ముక్క సంగతి కాదు, అది కలిసే టెస్ట్ పోర్ట్ సంగతి. శుభలేఖలో పెళ్లికూతురి పేరుండాల్సిన చోట అత్తగారింటి అడ్రస్ అచ్చేసినట్టు! మొన్న ఒక ఎంటెక్ అమ్మాయి ఓపెన్‌కి పోర్ట్ చూసి, షార్ట్‌కి ముక్కను చూసి నొక్కింది. మా ఎన్-టైప్ (ఒక రకం కనెక్టర్) కిట్‌లో ఆ రెండు లెక్కలకీ తేడా పోనూ రానూ కలిపి సుమారు 35 పికోసెకన్లు, అంటే గాలిలో ఒక సెంటీమీటరు దూరం. ఇంకేముంది, ఆమె యాంటెన్నా పంపినదానికంటే 2 డీబీ ఎక్కువ (అంటే ఒకటిన్నర రెట్ల పైనే) తిరిగిచ్చింది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, ఉన్నది రాగిరేకు.

"అన్నా, ఇది లాభంతో తిరిగిస్తుంది!" అంది. అంత వడ్డీ ఇస్తామన్న చిట్టీలవాళ్లు ఎప్పుడో బోర్డు తిప్పేశారమ్మా అన్నాను.

క్యాలిబ్రేషన్ సరిగా ఉందో లేదో చూద్దామని షార్ట్ మళ్లీ బిగించాం. సున్నా డీబీ దగ్గర, అంటే పంపినదంతా తిరిగొచ్చినట్టు, గీత తాడు లాగి కట్టినట్టుంది. ఓపెన్ బిగించాం, అదీ అంతే. మీ మోసం ఇక్కడే ఉంది మహాప్రభో. మీరు తప్పు చెప్పినా సరే, అవే ముక్కలు మళ్లీ పెడితే మిషను మీరు చెప్పిందే చూపిస్తుంది. మిమ్మల్ని నమ్మి లెక్కలేసుకున్నాక అది ఇంకేం చూపిస్తుంది? ఎనుమాముల మార్కెట్‌లో కాంటా మీద అనుమానమొస్తే మిర్చి రైతు బస్తాను ఇంకో కాంటా మీద పెట్టమంటాడు. అంతే గానీ అదే కాంటాను పట్టుకుని నువ్వు నిజమేనా అని అడగడు. మేం అడిగాం, రెండు గంటలపాటు.

చివరికి మీ ఇంటివాడు కాని సాక్షిని పిలిచాం. మూలన పడున్న 3 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క) కొసకి షార్ట్ బిగించాం. పోతూ 3, వస్తూ 3, మొత్తం 6 డీబీ దగ్గర గీత దాదాపు తిన్నగా ఉండాలి. అది కాస్తా భద్రకాళి చెరువులో అలల్లా ఊగింది. అప్పుడు గానీ మీ మీద కేసు నిలబడలేదు.

కొత్త కిట్లలో మీవాళ్లు కొందరు సీరియల్ నంబర్‌తో సహా, ఆ ముక్కనే కొలిచి రాసిన లెక్కలతో పెన్‌డ్రైవ్‌లో వస్తున్నారట. మాకూ ఇండెంట్ పెట్టాం. వస్తే ఈసారి బీరువాలోనే పెడతాం. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన జాగాలో మావాళ్లు సినిమాలు ఎక్కిస్తే మాత్రం కాస్త సర్దుకోవాలి.

ఇట్లు,
మీ అంకెలు కొట్టిన చేతులవాడు