మ్యాపుకి కళ్ళు అప్పగించండి

2020 వేసవిలో దేశం మూడు రంగుల మీద నడిచింది. ఆ ఏప్రిల్ నెలాఖరున కేంద్ర ఆరోగ్య శాఖ జిల్లాలన్నిటినీ కరోనా జోన్లుగా విడగొట్టింది: 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్. గడప దాటాలంటే ముందు మ్యాపులో జిల్లా రంగు చూసుకోవాలి. ఇంత చక్కటి ఏర్పాటుకి కూడా వంక పెట్టేవాళ్ళున్నారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళ గతేమిటట!

వాళ్ళకొచ్చిన నష్టమేమిటో నాకు అర్థం కాదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ మొత్తానికి గ్రీన్ జోన్ విజయనగరం ఒక్కటే. అటు శ్రీకాకుళం, ఇటు విశాఖ, రెండూ ఆరెంజ్. వర్ణాంధత్వం ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ మూడూ కాస్త అటూఇటూగా ఆవపిండి రంగే. ఉత్తరాంధ్ర సమైక్యతకు ఇంతకంటే ఏం కావాలి?

పైగా ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చే లోపం కాబట్టి ఎక్కువగా మగవాళ్ళకే ఉంటుంది. చిలకపచ్చనీ మెంతిరంగునీ ఒకటే అనే మగవాళ్ళలో ఎవరిది జన్యులోపమో, ఎవరిది ఒట్టి అశ్రద్ధో ఇంట్లో ఆడవాళ్ళే తేల్చలేకపోతున్నారు. ప్రభుత్వమేం తేలుస్తుంది?

అయినా ప్రభుత్వానికి దయ లేకపోలేదు. అదే ఏడాది జూన్‌లో, వర్ణాంధత్వం మరీ తీవ్రంగా లేనివాళ్ళకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన మార్చింది. సిగ్నల్లో పై దీపం వెలిగితే ఆగాలి, కింది దీపం వెలిగితే కదలాలి, రంగుతో పనిలేదు. మ్యాపులో అలా కుదరదు కదా. కర్నూలుని ఎత్తుకెళ్ళి ఇచ్ఛాపురం పైన పెట్టలేం.

నీలం, నారింజ వాడమని నిపుణుల సలహా. పంచాయతీ ఆఫీసుల గోడలకి అప్పటి అధికార పార్టీ జెండాలోని నీలం వేసిన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రాష్ట్రంలో మళ్ళీ నీలం వేసే ధైర్యం ఏ అధికారికుంది? అందరికీ తేడా తెలిసే రంగులు ఎంచిపెట్టే కలర్‌బ్రూయర్ అనే సాధనం ఇరవయ్యేళ్ళుగా నెట్‌లో ఉంది. కాకపోతే అది ఉచితం. టెండరు పిలవడానికి వీల్లేని వస్తువు ఆఫీసులోకి ఎలా వస్తుంది? పోనీ ముదురు–లేత తేడా చూపించి, గీతలు గీసి, జోన్ పేరు జిల్లా మీదే రాయమంటారు. అంత తేలిగ్గా అర్థమైపోతే ఇక ప్రెస్‌మీట్ దేనికి?

కలెక్టరేట్ నుంచి మండలానికి చేరేసరికి మ్యాపు ఎలాగూ జిరాక్స్ కాపీ అవుతుంది. అందులో రెడ్డూ గ్రీనూ బూడిద రంగే. నోటీసు బోర్డు ముందు నిక్షేపంలాంటి కళ్ళున్నవాడు కూడా తెల్లమొహం వేస్తాడు. చివరికి ఏ అటెండరో బాల్‌పెన్ను తీసి జిల్లా మీద ‘మనది ఆరెంజ్’ అని రాసేస్తాడు. అధికారిక పత్రం మీద పిచ్చిరాతలు రాసినందుకు అతనికి వెంటనే మెమో ఇవ్వాలి.