రక్షిస్తామంటూనే రాళ్లు మోగిస్తారా?

వరుసగా మూడు రోజులు సెలవులొస్తే చాలు, బొర్రా గుహల దగ్గర తిరునాళ్లే. చలికాలమైతే ఇక చెప్పక్కర్లేదు. విశాఖ నుంచి అద్దాల బోగీలు, అరకు నుంచి జీపులు, బయట బొంగులో చికెన్ పొగ, లోపల ఒకరినొకరు తోసుకుంటూ దిగే మెట్లు. ఈ రద్దీ చూసి పర్యాటక శాఖ మురిసిపోతోంది. మాకు మాత్రం భయమేస్తోంది, అంతకు మించి కోపమొస్తోంది. ఈ గుహలను కాపాడతామని మాటిచ్చిన ప్రభుత్వమే, వాటిని పాడుచేసే పనిని టికెట్టు పెట్టి చూపిస్తోంది.

బెలూం గుహల సంగతే చూడండి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, పైనుంచి చూస్తే మామూలు మైదానం. మెట్లు దిగితే నేల కింద 3,229 మీటర్ల పొడవున నీళ్లు తొలిచిన దారులు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో గుహలను పరిశోధించే జర్మన్ బృందం లోపలంతా తిరిగి పరిశీలించింది. తర్వాత ప్రభుత్వం రక్షిత ప్రాంతమని ప్రకటించి, చెత్త ఎత్తించి, గాలి కోసం గొట్టాలు దింపి, దీపాలు పెట్టి, 2002లో జనానికి తెరిచింది. అంతకుముందు ఊళ్ల చెత్త పోసే గొయ్యిగా ఉన్న చోటు కాబట్టి, ఆ పనిని మేం తక్కువ చేయం.

కానీ లోపల సప్తస్వరాల గుహ అని ఒకటుంది. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడల్ని కర్రతోనో, వేళ్ల కణుపులతోనో కొడితే కంచు మోగినట్టు మోగుతాయి. వినడానికి అద్భుతంగా ఉంటుంది, కాదనం. ఆ అద్భుతాన్నే ప్రచారంలో పెట్టి జనాన్ని రప్పిస్తున్నారు. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ముందున్నాయన ఒకసారి కొడతాడు. వెనకున్న పిల్లాడు రెండుసార్లు కొడతాడు. వీడియో తీస్తున్న బాబాయి, సరిగ్గా వినబడలేదు, ఇంకాస్త గట్టిగా కొట్టమంటాడు. ఆ వెనక మరో బ్యాచ్ సిద్ధంగా ఉంటుంది. రక్షిత ప్రాంతమంటే ఇదేనా?

ఈ రాళ్లు ఎలా పుడతాయో బడి పిల్లలకు కూడా తెలుసు. వాన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, చుక్క చుక్కగా కారుతూ, చుక్కకింత ఖనిజాన్ని వదిలిపోతుంది. చాలా గుహల్లో ఇలా ఒక్క సెంటీమీటరు పెరగడానికి వందేళ్లు పడుతుంది. మీ అరచేతిలోని జిడ్డు అంటుకుంటే కొత్త ఖనిజం అక్కడ సరిగా పేరుకోదు, రాయి నల్లబడి పెరుగుదల ఆగిపోతుంది. ఇక విరిగిందా, అతికించే వైద్యం లేదు. తొమ్మిది తరాల వారసులు వచ్చి చూసినా ఆ ముక్క బెత్తెడు కూడా మళ్లీ పెరగదు.

బొర్రా విషయంలో ఈ రెండు నాలుకల ధోరణి ఇంకా బాధాకరం. అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీద గిరిజనుల తరఫున ‘సమత’ సంస్థ పోరాడితే, 1997 జులైలో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. ఆ కొండల్లో రాయి తవ్వుకోవడానికి కంపెనీకి హక్కు లేదని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పిన చోటే, గుహలో రాయిని విరగ్గొట్టి జేబులో వేసుకునే వాడిని ఆపే మనిషి కనబడడు! గోడల మీద పేర్లు, ప్రేమ గుర్తులు. శివలింగమని గిరిజనులు తరతరాలుగా మొక్కే రాతి పక్కనే సెల్ఫీల కోసం కొట్లాట. గోస్తనీ నది పుట్టే చోటు ఇది. ఆ నీటికైనా మర్యాద దక్కాలి కదా.

టూరిజం వల్ల స్థానిక గిరిజనులకు నాలుగు రూపాయలు వస్తున్నాయని, ప్రకృతి వింతలను చూసే హక్కు అందరికీ ఉందని కొందరంటారు. నిజమే. గుహ పాడైతే ఆ నాలుగు రూపాయలూ పోతాయి, ఆ హక్కూ పోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. గోడల నిండా ఆదిమానవులు గీసిన బొమ్మలున్న ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ 1940లో బయటపడింది, 1948లో సందర్శకులకు తెరిచారు. 1955 నాటికి రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారు. వాళ్ల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, దీపాల వెలుతురు కలిసి గోడల మీద ఆకుపచ్చ నాచు పట్టించాయి. వేల ఏళ్లు చెక్కు చెదరని బొమ్మలు పదిహేనేళ్ల టూరిజానికి తట్టుకోలేకపోయాయి. 1963లో తలుపులు మూసేశారు, 1983 నుంచి పక్కనే నకలు కట్టి చూపిస్తున్నారు. నాచుకు దేశం తేడా తెలియదు. చీకటి గుహలో పొద్దస్తమానం రంగు దీపాలు వెలిగిస్తే ఎక్కడైనా పడుతుంది. ఇంత తెలిసీ మన శాఖ కొత్త ఆకర్షణ అనగానే ముందు మరిన్ని లైట్ల గురించే ఆలోచిస్తుంది.

చేయాల్సింది తెలియనిదేం కాదు. గంటకు ఇంతమందే అని పరిమితి పెట్టాలి. బృందం దాటగానే ఆరిపోయే, వేడి పుట్టించని దీపాలు ఉండాలి. లోపలి గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో రోజూ కొలిచి గేటు దగ్గరే బోర్డు మీద రాయాలి. బెలూం చుట్టుపక్కల నాపరాతి గనుల పేలుళ్లు, బొర్రా మీదుగా పోయే ఖనిజ రైళ్ల అదురు ఎంత ప్రభావం చూపుతున్నాయో నిపుణులతో తేల్చాలి. బొర్రాలో ఎంతమందిని లోపలికి పంపాలన్న నిర్ణయంలో అక్కడి గ్రామసభకు మాట ఉండాలి, టికెట్టు డబ్బులో వాటా ఉండాలి. నిధులు లేవన్న సాకు మాకు చెప్పొద్దు. టికెట్టు డబ్బు వసూలు చేసేది మీరే.

వీటికి టైం పడుతుందంటారా, సరే. కానీ సప్తస్వరాల గుహలో రాళ్లు కొట్టించడం ఆపడానికి ఏ కమిటీ కావాలి? రేపు పొద్దున గేటు తెరిచేలోపు అక్కడొక కంచె, ఒక కాపలా మనిషి చాలు. జీవో అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఆపాటి పని కూడా చేతకాని శాఖ, ఈ గుహలను ‘రక్షిత ప్రాంతం’ అని ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటోంది?