సవరణ: ఎన్‌డీఏకి ఎంపీసీయే ఉండాలన్నది తప్పు

మొన్నటి పోస్టులో ఇంటర్ ఎంపీసీ చదివితేనే ఎన్‌డీఏ (ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయొచ్చని రాశాను. తప్పు నాదే. అది చదివి మా పక్కింటి సీఈసీ కుర్రాడు, పొద్దున్నే పరుగు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా, "అయితే నేను మానేయాలా అన్నా?" అని మొహం వేలాడేసుకుని అడిగాడు.

మానక్కర్లేదు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చు. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కి మాత్రం ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉండాలి, నేను ఆ రూలు పట్టుకుని అందరికీ అంటగట్టేశాను.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. గ్రూపు ఏదైనా పరీక్షలో 300 మార్కుల మ్యాథ్స్ పేపరు అందరూ రాయాల్సిందే, రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత, పైగా పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే, తెలుగులో ఉండదు. కాబట్టి సీఈసీ, బైపీసీ వాళ్లు పదకొండు, పన్నెండు తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ మ్యాథ్స్ పుస్తకాలు ఇప్పుడే తెరవాలి. మావాడికి నావి ఇచ్చాను, అట్టలు ఊడిపోయాయి గానీ లెక్కలన్నీ ఉన్నాయి.