ఫస్టియర్ ల్యాబులో నీలం తెర ఇంకెన్నాళ్లు?

ఇంజనీరింగ్ ఫస్టియర్ సీ ల్యాబులోకి వెళ్తే చాలాచోట్ల ఇప్పటికీ అదే నీలం తెర: ప్రోగ్రాములు రాసి కంపైల్ చేసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0. బోర్లాండ్ దాన్ని 1991లో విడుదల చేసింది. సీ ప్లస్ ప్లస్‌కి తొలి ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది 1998లో. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాముల్ని నడపదు కాబట్టి పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి, అందులో దీన్ని కూర్చోబెట్టి మరీ పాఠం చెబుతున్నారు. దీన్ని తీసెయ్యాలనే మాట పాతదే. తీసేసిన చోట్ల ఏం పెడుతున్నారన్నదే అసలు గొడవ. బ్రౌజర్లో రన్ నొక్కితే జవాబొచ్చే ఆన్‌లైన్ కంపైలర్ పెడుతున్నారు. రెండూ వద్దు. కంపైలర్ టూల్‌చైన్‌ని, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే పనిముట్ల వరసని, విద్యార్థి తన డెస్క్‌టాప్ మీద తన చేత్తో ఎక్కించుకోవడమే మొదటి ల్యాబ్ కావాలి.

టర్బోతో నష్టమేంటో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే చెబుతుంది. 7 ఇస్తే 5040, బాగానే ఉంటుంది. 8 ఇస్తే మైనస్ 25216! అక్కడ పూర్ణాంకాలు దాచే 'ఇంట్' అంటే రెండే బైట్లు, 32767 దాటితే లెక్క తిరగబడుతుంది. లాజిక్ తప్పేమో అనుకుని పిల్లలు లూప్‌ని కెలుకుతూ కూర్చుంటారు. ఇక క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్, వాయిడ్ మెయిన్ అన్నీ ఆ గదిలోనే చెల్లే నాణేలు. వాయిడ్ మెయిన్ చూడగానే ఈనాటి కంపైలర్ జీ ప్లస్ ప్లస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఆన్‌లైన్ కంపైలర్ వైపు వాదన ఉంది, కాదనను. అరవై సిస్టములున్న ల్యాబులో ఒక్కోదానికి ఒక్కో జబ్బు, చూసేది ఒక్క ల్యాబ్ అసిస్టెంట్. మొదటి వారంలో లూపులు నేర్పాలా, ప్రోగ్రాముల్ని ఏ ఫోల్డర్లలో వెతకాలో సిస్టంకి చెప్పే పాత్ వేరియబుల్ నేర్పాలా అని లెక్చరర్లు అడుగుతారు. నిజమే, ఆ వారం వృథా అయినట్టే కనిపిస్తుంది. కానీ వడ్డించిన విస్తరి ముందు ఎన్నేళ్లు కూర్చున్నా పొయ్యి వెలిగించడం రాదు.

విండోస్‌లో ఆ పొయ్యి ఎలా వెలుగుతుందో చూడండి. జీసీసీ లాంటి కంపైలర్లని విండోస్‌కి అందించే ఎంసిస్2 ఇన్‌స్టాల్ చేస్తే స్టార్ట్ మెనూలో నాలుగైదు షెల్స్ (కమాండ్లు కొట్టే విండోలు) కనిపిస్తాయి. సగంమంది దెబ్బతినేది ఇక్కడే. ఎంసిస్ అన్న షెల్ తెరిచి ఉత్త జీసీసీ ప్యాకేజీ వేసుకుంటారు. దాంతో కట్టిన ప్రోగ్రాం ఎంసిస్ డీఎల్ఎల్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే లైబ్రరీ ఫైల్) లేని సిస్టంలో కదలదు. తెరవాల్సింది యూసీఆర్‌టీ64. అందులో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్యాక్‌మ్యాన్‌తో ముందు అప్‌డేట్. మధ్యలో విండో మూసుకుపోతే కంగారు లేదు, మళ్లీ తెరిచి ఇంకోసారి అదే కమాండ్ కొట్టాలి. ఆ తర్వాత పేరులో యూసీఆర్‌టీ అని ఉన్న మింగ్‌డబ్ల్యూ జీసీసీ, తప్పులు వెతకడానికి వాడే జీడీబీ ప్యాకేజీలు. చివరికి సీ డ్రైవ్‌లో ఎంసిస్64 ఫోల్డర్, అందులో యూసీఆర్‌టీ64, దాని లోపలి బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో చేర్చాలి. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ అప్పటికే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవాలి. పాత టెర్మినల్‌కి కొత్త పాత్ తెలియదు. వీఎస్ కోడే కంపైలర్ అనుకునేవాళ్ల భ్రమ కూడా ఇక్కడే వదిలిపోతుంది.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ జీసీసీ' అని అడగాలి. రెండు లైన్లు వచ్చాయంటే సిస్టంలో ఇద్దరు జీసీసీలున్నట్టు. ఎప్పుడో వేసిన పాత మింగ్‌డబ్ల్యూ కావచ్చు, స్ట్రాబెర్రీ పెర్ల్ అనే సాఫ్ట్‌వేర్ వెంట వచ్చింది కావచ్చు. పాత్‌లో ముందున్నదే గెలుస్తుంది. కంపైల్ చేసింది కొత్తది, రన్ చేసేటప్పుడు దొరికిన డీఎల్ఎల్ పాతది అయితే 'ఎంట్రీ పాయింట్ నాట్ ఫౌండ్' అంటూ డబ్బా వస్తుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఈ ఒక్క డబ్బాని విడదీసి చెబితే ప్రోగ్రాంని, దాని డీఎల్ఎల్‌లని మెమరీలోకి ఎక్కించే లోడర్ అంటే ఏమిటో నెల రోజుల థియరీ కంటే బాగా ఎక్కుతుంది.

ఉబుంటులో బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ ఒక్కటి చాలు, మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్. కానీ ఉబుంటులో ఇంకో అందమైన ఉచ్చు ఉంది. సీ ప్రోగ్రాంలో స్క్వేర్ రూట్ 16 అని అంకె నేరుగా రాస్తే ప్రోగ్రాం లింక్ అవుతుంది. ఎక్స్ అనే వేరియబుల్ ఇచ్చి చూడండి, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటుంది. మొదటిదాన్ని కంపైలర్ అక్కడికక్కడే లెక్కకట్టి 4 పెట్టేసింది, లైబ్రరీతో పనే పడలేదు. రెండోదానికి మ్యాథ్ లైబ్రరీ కావాలి, అందుకు '-ఎల్ఎం' ఇవ్వాలి. అదీ సోర్స్ ఫైల్ పేరు తర్వాతే. ముందు పెడితే అప్పటికింకా ఎవరూ అడగని లైబ్రరీ అని, కంపైలైన ముక్కల్ని లైబ్రరీలతో కలిపే లింకర్ వదిలేసి పోతుంది. కంపైలర్ పని ఎక్కడ ఆగి లింకర్ పని ఎక్కడ మొదలవుతుందో ఇంతకంటే చక్కగా చూపించే ప్రయోగం లేదు. రన్ బటన్ ఈ గీతని చెరిపేస్తుంది.

ఈ గీత తెలియకపోతే ఏమవుతుంది? చిప్పుల విషయంలో దేశమంతా ఊగిపోతున్న కాలమిది. ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీ-డాక్ 'వేగా' రెండూ రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ ఇన్‌స్ట్రక్షన్ సెట్) ప్రాసెసర్లే. వాటి ప్రోగ్రాములు సాధారణంగా డెస్క్‌టాప్ మీదే, వేరే ప్రాసెసర్ కోసం ప్రోగ్రాం కట్టే క్రాస్ కంపైలర్‌తో తయారవుతాయి. అక్కడ ఆర్కిటెక్చర్, ఏబీఐ (ఫంక్షన్లు విలువల్ని ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) ఆప్షన్లు పొసగకపోతే సాఫ్ట్ ఫ్లోట్ మాడ్యూళ్లతో డబుల్ ఫ్లోట్ మాడ్యూళ్లని కలపలేనని లింకర్ మొరాయిస్తుంది. ఒక లైబ్రరీ ఒక పద్ధతిలో, మన ఫైల్ మరో పద్ధతిలో కంపైల్ అయ్యాయన్నమాట. '-ఎల్ఎం' దగ్గర ఒకసారి తలపట్టుకున్న కుర్రాడు ఆప్షన్లు సరిపోల్చి పది నిమిషాల్లో బయటపడతాడు. రన్ బటన్ తప్ప ఎరగనివాడు బోర్డు పాడైందంటాడు. చిప్ డిజైన్ కోర్సులకి కొత్త నేమ్‌బోర్డులు తగిలిస్తున్న కాలేజీలు ఆ చిప్ మీద ఒక్క లైన్ నడిపించే టూల్‌చైన్‌ని ఏ సెమిస్టర్లో నేర్పుతున్నాయి?

మొదటి రెండు ల్యాబ్ క్లాసులు దీనికే ఇవ్వండి. ఎక్స్‌టర్నల్‌లోనూ ఒక ప్రశ్న పెట్టండి: పాత్ చెడగొట్టిన సిస్టం ఇచ్చి, అందులో హలో వరల్డ్ ప్రింట్ చేయించమనండి. దీనికి సీనియర్ల రికార్డు ఎరువు తెచ్చుకున్నా లాభముండదు.