మహారాజశ్రీ ట్రాన్స్‌పోజ్ బటన్ గారి సముఖమునకు

వేళ్లు కదపకుండానే కీబోర్డు శ్రుతి మార్చిపెట్టే మహారాజశ్రీ ట్రాన్స్‌పోజ్ బటన్ గారికి, హైదరాబాద్ సీతాఫల్‌మండిలో ఒక మేడ మీది క్రైస్తవ సంఘంలో, తనకు కీబోర్డు వాయించడం వచ్చునని పదకొండేళ్లుగా అందరినీ నమ్మిస్తున్న తమ సేవకుడు వందనములతో వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. నేను క్షేమం, బెంగంతా తమరి క్షేమం గురించే. కీబోర్డు మీద మిగిలిన బటన్లన్నీ కొన్ననాటి మెరుపుతో ఉండగా తమరి ప్లస్ గుర్తు పూర్తిగా చెరిగిపోయింది, మైనస్ గుర్తు మీద తెల్లరంగు వెంట్రుకవాసి మిగిలింది. రేపు కొత్తవాడెవడైనా వచ్చి వాయించబోతే, తమరిలో ఏ పక్క నొక్కితే శ్రుతి పైకి పోతుందో, ఏ పక్క నొక్కితే కిందికి దిగుతుందో నన్నే అడగాలి. పదకొండేళ్ల భక్తికి ఇంతకంటే సాక్ష్యం నేనేం చూపించగలను?

నాకు వచ్చిన స్కేలు ఒక్కటే, సి మేజర్, అంటే తెల్ల మెట్లు మాత్రమే. మైనరు పాట వస్తే ఎ మైనరులో వాయిస్తాను గాని, అవి కూడా అవే ఏడు తెల్ల మెట్లు గనుక దాన్ని రెండో స్కేలుగా లెక్కపెట్టడం, పెరటి గుమ్మం ఉంది కాబట్టి రెండిళ్ల ఆసామినని చెప్పుకోవడం లాంటిది. నల్ల మెట్లను నేను ముట్టుకున్నది శనివారం సాయంత్రాలు దుమ్ము తుడవడానికే. అయినా పాట ఎత్తే అక్క ఎఫ్ అంటే నేను కంగారు పడను, తమరిని ప్లస్ ఐదుకు, అంటే నల్లవీ తెల్లవీ కలిపి ఐదు మెట్లు పైకి, తీసుకువెళ్లి సి వాయిస్తాను. తరువాతి పాట ఎత్తే అన్న బి ఫ్లాట్ అంటే మైనస్ రెండుకు దించి మళ్లీ అదే సి వాయిస్తాను. పైకి పన్నెండు, కిందికి పన్నెండు, తమరి రాజ్యం అంతటా నా వేళ్లు ఒకేచోట కూర్చుని ఉంటాయి. పన్నెండు అంతరాలనూ సమానంగా కోసి పెట్టిన ఆధునిక శ్రుతి పుణ్యమా అని, ఒక మెట్టు ఎక్కితే ప్రతి స్వరమూ సుమారు ఆరు శాతం పెరుగుతుంది, సెకనుకు 440 కంపనాల ఎ కాస్తా 466 దాటుతుంది, నా చేతికి మాత్రం చెమటైనా పట్టదు.

స్కేళ్లు మార్చడం పాడేవారి పంతం అని కొందరు అనుకుంటారు గాని, అది గొంతుల న్యాయం. ఆడవారికి హాయిగా పలికే శ్రుతికీ మగవారికి హాయిగా పలికే శ్రుతికీ మధ్య మూడు నాలుగు తెల్ల మెట్ల దూరం ఉండడం మామూలే. పాత రోజుల్లో హార్మోనియం వాయించే మేష్టార్లు ఈ గొడవ పడేవారు కారు. కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగమూ తాళమూ ఉండేవి గాని శ్రుతి ఉండేది కాదు. మేష్టారు ఒకటిన్నర శ్రుతి (సి షార్ప్) అంటే ఆరాధన మొదలు ఆశీర్వాదం దాకా ఒకటిన్నరే, అందనివారు కింది స్థాయిలో గొణుక్కోవలసిందే. కచేరీలోనూ అంతే గదా, తంబురా ఎక్కడ కూర్చుంటే గాయకుడూ అక్కడే కూర్చుంటాడు. నాలుగు పాటలను ఒకదాని వెంట ఒకటి ఆపకుండా పాడి, నాలుగింటినీ నాలుగు స్కేళ్లలో పెట్టే వాడుక వచ్చాకనే తమరి వంటివారికి దశ తిరిగింది.

తమరి వంశవృక్షం కూడా విచారించాను, తప్పుగా అనుకోవద్దు. మెట్ల వరుసనే పక్కకు జరిపి, పాత వేళ్లతోనే కొత్త శ్రుతి పలికించే స్కేల్ చేంజర్ హార్మోనియం తమరికి తాతగారి వరస అవుతుంది. స్థిరంగా బిగించిన రీడ్లలో గమకం పలకదన్న అభియోగం మీద ఆల్ ఇండియా రేడియో ఆ హార్మోనియం కులాన్ని 1940లో వెలివేసి, 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. తమరి ఇంట్లో కేసులు పాతవే అని దీనివల్ల తెలుస్తున్నది. ఇక అమెరికా శాఖలో, ఇర్వింగ్ బెర్లిన్ అనే పాటలు కట్టిన మహానుభావుడు దాదాపు ఎప్పుడూ ఎఫ్ షార్ప్‌లో, అంటే ఎక్కువగా నల్ల మెట్ల మీదే వాయించడం అలవాటు చేసుకుని, మిగతా స్కేళ్ల కోసం మీట తిప్పితే శ్రుతి మారే పియానో కొనుక్కున్నాడు. అటువంటి పియానో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఆయన నల్లవి, నేను తెల్లవి. మా ఇద్దరికీ ఇంతకుమించి తేడా లేదని చాలాకాలం మా ఇంట్లో చెప్పుకున్నాను. ఆయన ఆ నల్ల మెట్ల మీద కట్టిన పాటలెన్ని అని మా ఆవిడ అడిగినరోజు నుంచి ఆ ప్రస్తావన మానేశాను.

ఫిర్యాదుకు వస్తాను. పాట నడుస్తున్నంతసేపూ తమరి మీద నాకు వేలెత్తి చూపేందుకు ఏమీ లేదు. గిటారు వాయించే తమ్ముడు ‘ఏ కార్డు అన్నా’, అంటే కలిపి మోగించే స్వరాలు ఏవని, అడిగితే నేను ‘సి’ అనడం, వాడు సి పట్టడం, నాది డి షార్ప్‌గా మోగడం, ‘నీ సి నా, లోకం సి నా’ అని వాడు గొణుక్కుంటూ గిటారు మెడకు బిగించి శ్రుతి పెంచే కేపో వెతుక్కోవడం, ఇవన్నీ అన్నదమ్ముల మధ్య ఉండేవే. చిక్కంతా రెండు పాటల నడుమ వస్తుంది. పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ ఉంటారు, వెనుక స్ట్రింగ్స్ అనే తీగవాద్యాల ధ్వని సన్నగా మోగుతూ ఉండాలి, మోగుతూ మోగుతూనే జి లోంచి ఎ లోకి చేరుకోవాలి, ఆమేన్ అనేసరికి కొత్త శ్రుతి వాకిట్లో సిద్ధంగా ఉండాలి. తమరికి వాకిలి, గడప, వీధి అనే ఊహలే లేవు. నేను నొక్కి పట్టిన స్వరాలు వదిలేదాకా పాత శ్రుతిలోనే మోగుతాయి, తమరిని నొక్కాక పట్టినవి కొత్త శ్రుతిలో మోగుతాయి; ఎడమ చెయ్యి సికింద్రాబాద్‌లోనూ కుడి చెయ్యి చార్మినార్ దగ్గరా ఉన్న ఆ ఒక్క క్షణంలో, కళ్లు మూసుకున్నవారు కూడా ఒక కన్ను తెరిచి నావైపు చూస్తారు.

అందుకని చెయ్యి ఎత్తేసి, నిశ్శబ్దంలో తమరిని నొక్కడం నేర్చుకున్నాను. నిశ్శబ్దం ఎక్కువైతే బాగుండదు గనుక అక్కకు సైగ చేస్తాను, ఆవిడ ‘అందరం చప్పట్లతో ప్రభువును స్తుతిద్దాం’ అంటారు. ప్లస్ ఐదు నుంచి మైనస్ రెండుకు దిగాలంటే ఏడు నొక్కులు. ఏడు నొక్కులకు సరిపడా చప్పట్లు మా సంఘం శ్రద్ధగా కొడుతుంది. మిగతా సంఘాలకంటే మా దగ్గర స్తుతి ఎక్కువ అని పేరు వచ్చింది. ఆ పేరులో తమరి వాటా ఎంతో తమరికీ నాకూ తెలుసు, ఇప్పుడు ఇది చదువుతున్నవారికీ తెలిసిపోయింది.

ఇక ఆ ఆదివారం సంగతి. అక్క డి షార్ప్‌లో పాడుతున్నారు, తమరు ప్లస్ మూడు మీద ఉన్నారు, రెండో చరణంలో కరెంటు పోయింది. మా ఇన్వర్టరు మైకులకూ ఫ్యాన్లకే చాలుతుంది, కీబోర్డు ప్లగ్గు దాని కిందికి రాదు. అక్క ఆపలేదు, తబలా పెద్దాయన ఆపలేదు. రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది, నేను స్విచ్చి వేశాను, తమరు ఏ సంకోచమూ లేకుండా, ఏ హెచ్చరికా లేకుండా సున్నా మీద కూర్చుని లేచారు. ఆ వెలుగుతున్న రెండు సున్నాలను నేను చూడలేదు. సంఘానికి సంగీతం తిరిగి ఇస్తున్నానన్న ఉత్సాహంలో సి కార్డు రెండు చేతులతో పట్టాను.

ఆశ్చర్యమేమంటే, బాగానే ఉంది. అక్క ఆ క్షణంలో పల్లవి చివరి మాట మీద గొంతు నిలిపి, పొడుగ్గా సాగదీస్తున్నారు. నా కార్డు కింది నుంచి వచ్చి ఆ స్వరానికి ఎంత అందంగా ఒదిగిందంటే, ముందు వరుసలో ఒక పెద్దావిడ ‘స్తోత్రం’ అన్నారు. ఆ తరువాతి మాటకు అక్క తన షడ్జానికి, అంటే ‘స’కు, దిగారు. ఆమెది డి షార్ప్, నా వేలి కింద ఇ. పక్కపక్క మెట్లు. సంఘంలో స్పీకర్లకు దగ్గరగా ఉన్నవారు నన్ను నమ్మారు, దూరంగా ఉన్నవారు అక్కను నమ్మారు, పెద్దాయన తబలా అక్క వైపే ఉండిపోయింది. చరణం సగంలో అయ్యగారు లేచి ‘ప్రార్థన చేద్దాం’ అన్నారు. ఆయన అంత అర్థవంతమైన పిలుపు ఇవ్వడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆరాధన ముగిశాక తబలాలకు గుడ్డ చుడుతూ పెద్దాయన నన్ను పిలిచారు. రైల్వేలో పని చేసి దిగిపోయిన మనిషి, ఎక్కువ మాట్లాడరు. నేను తమరిని తిట్టడం మొదలుపెట్టాను, క్షమించాలి, తప్పంతా తమరి మీదే తోసేశాను. ఆయన అంతా విని, ‘బాబూ, మొదటి మాట మీద నువ్వు సరిగ్గానే ఉన్నావు’ అన్నారు. ‘అమ్మాయి నిలబడింది గాంధారం మీద. డి షార్ప్‌కు గాంధారం అంటే జి. నీ సి కి అదే పంచమం. ఒక్క స్వరం రెండిళ్లలో చుట్టం. నువ్వు ఆ చుట్టం చెయ్యి పట్టుకుని ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి పోవాలి గాని, గోడ దూకితే ఎట్లా?’

గోడ దూకడం అన్న మాట తమరి గురించేనని వేరే చెప్పనక్కరలేదు.

ఆయన గోడు వేరే ఉంది. నేను తమరి అండ చూసుకుని పాటపాటకూ స్కేలు మారుస్తూ ఉంటే, ఆయన ప్రార్థన మధ్యలో సుత్తి తీసి కుడి తబలా అంచు మీద టంగు టంగుమని కొట్టుకోవలసి వస్తున్నది. శ్రుతి మార్చుకోవడానికి ఆయనకు బటన్ లేదు, తోలూ, దాన్ని బిగించే చెక్క గట్టాలూ ఉన్నాయి. ‘వచ్చే వారం జి పాట తరువాత ఎ పాట కదా, నేను తబలాను డి లో పెడతాను, జి కి పంచమం, ఎ కి మధ్యమం, రెండు పాటలకూ సుత్తి ముట్టను. నువ్వు కూడా ఆ డి నే పట్టుకుని రా’ అన్నారు.

మూడు రాత్రులు, ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ డి వెంట నడిచాను. జి కార్డు పట్టినప్పుడు అది పైన పంచమంగా కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి డి కార్డుకు వస్తే అదే ఇంటి యజమాని. ఈ డి కార్డు జి ఇంటి వారికీ ఎ ఇంటి వారికీ ఉమ్మడి వరండా, ఇక్కడ నిలబడినవాడు ఏ ఇంటివాడో ఎవరూ చెప్పలేరు. తరువాత ఇ సెవెన్త్ అనే నాలుగు స్వరాల కార్డు. అందులోనూ డి ఉంటుంది, కాకపోతే ఇప్పుడది తొందర పడుతున్న అతిథి, ఒక మెట్టు కిందికి జారి సి షార్ప్ చేరితే తప్ప దానికి ఊపిరి ఆడదు. ఆ జారడంతోనే ఎ మేజర్ తలుపు తెరుచుకుంటుంది. ఇ సెవెన్త్‌లో ఒక జి షార్ప్ ఉంది, నల్ల మెట్టు. పాత ఇంట్లో లేని ఆ స్వరం వినబడగానే చెవికి ఊరు మారిందని తెలుస్తుంది. దాని మీద వేలు పెట్టాను. శనివారం తుడిచినదే గనుక దుమ్ము లేదు.

ఆదివారం ప్రార్థనలో తమరు సున్నా మీదే ఉన్నారు, ఈసారి నేను చూసే కూర్చున్నాను. ఎడమ చేత డి పట్టాను. అయ్యగారు ఆనాడు రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, ఊరెళ్లినవారి కోసం, చివరకు వానల కోసం కూడా ప్రార్థించారు, నేను ఆ వరండాలో అంతసేపూ చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డాను, చిటికెనవేలు తిమ్మిరెక్కింది. ‘ఆమేన్’ అన్నారు. ఇ సెవెన్త్ పట్టాను. అక్క ప్రతిసారీ పాట ఎత్తే ముందు ‘ఎక్కడ’ అన్నట్టు నావైపు తిరిగి చూస్తారు. ఈసారి తిరగలేదు, కళ్లు తెరవలేదు, సరిగ్గా ఎ లో ఎత్తుకున్నారు. పెద్దాయన సుత్తి సంచిలోనే ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు కొంచెం బాధగా అనిపించింది. సరిగ్గా వాయించినప్పుడు ఎవరూ గమనించకపోవడమే ఆ పని పద్ధతి అట. గోడ దూకినన్నాళ్లూ సంఘమంతా నన్నే చూసేది.

కావున తమరికి మనవి చేసుకునేదేమంటే, జి నుంచి ఎ కు, సి నుంచి డి కి పోయే దారుల్లో ఇకపై తమరు శ్రమ పడనవసరం లేదు. మిగిలిన దారుల గురించి నేనిప్పుడే మాట ఇవ్వలేను.

ఇట్లు,
తమరి దయవల్ల పదకొండేళ్లు సి మేజర్‌లో బతికినవాడు.

తా.క.: ఈ ఉత్తరం ముగించబోతుండగా అక్క ఫోను చేసి, వచ్చే ఆదివారం ఎ పాట తరువాత కానుకల పాట బి ఫ్లాట్‌లో అని చెప్పారు. ఎఫ్ సెవెన్త్‌లో ఎ ఉంటుందనీ, దాన్ని పట్టుకుని పోవచ్చుననీ నాకిప్పుడు తెలుసు. తెలిసినంత మాత్రాన వేళ్లు వెళ్లవు. తమరి మీద అంటిద్దామని నల్ల టేపు కత్తిరించి పెట్టుకున్నాను, ప్రస్తుతానికి ప్లస్ వైపు మాత్రమే అంటించాను. మైనస్ రెండుకు సిద్ధంగా ఉండగలరు. చప్పట్ల సంగతి అక్కతో మాట్లాడాను.